సేబన్ గొప్పా, స్నైడర్ గొప్పా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో గొప్ప కోచ్ ఎవరంటే చాలామంది ఠక్కున నిక్ సేబన్ పేరే చెబుతారు. కాదనలేం. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) జట్టుతో ఒకటి, అలబామా యూనివర్సిటీ జట్టుతో ఆరు, మొత్తం 7 జాతీయ టైటిళ్లు. 2018 జనవరి ఫైనల్లో జార్జియా యూనివర్సిటీ చేతిలో సగం ఆటకి 0-13తో వెనకబడితే, అప్పటిదాకా జట్టును నడిపించిన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడుపుతూ బంతి విసిరే ఆటగాడు) జేలన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి, మొదటి సంవత్సరం కుర్రాడు టువా టాగోవైలోవాని దింపాడు. ఓవర్‌టైమ్‌లో ఆ కుర్రాడు విసిరిన 41 గజాల పాస్‌తో 26-23 గెలుపు. అంత టెన్షన్‌లో ఆ నిర్ణయానికి ఎంత గుండె ఉండాలి!

అయినా నా ఓటు బిల్ స్నైడర్‌కే. సేబన్ అలబామాకి మెరికల్లాంటి కుర్రాళ్లు క్యూ కట్టేవారు. స్నైడర్ 1989లో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చేసరికి ఆ జట్టు 1986 తర్వాత ఒక్క ఆటా గెలవలేదు. ఆయన మొదటి ఏడాది కూడా 11 ఆటల్లో ఒక్కటే గెలుపు. జూనియర్ కాలేజీల (అమెరికాలో రెండేళ్ల డిగ్రీ కాలేజీల) నుంచి కూడా కుర్రాళ్లను ఏరి తెచ్చుకుంటూ, 1998లో రెగ్యులర్ సీజన్ 11 ఆటలూ గెలిచాడు. 2003లో నంబర్ వన్ ఓక్లహోమాను 35-7తో చిత్తు చేసి తన జట్టు ఆడే బిగ్ 12 లీగ్ టైటిల్ పట్టాడు.

జాతీయ టైటిల్ మాత్రం ఒక్కటీ లేదు. సేబన్ అభిమానులు ఎత్తిచూపేది అదే, నా దగ్గర దానికి జవాబు లేదు.