నెల్లూరులో ‘వ్యాన్ ఫ్రిజ్’ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

రాత్రి పదకొండు దాటింది. కావలి దగ్గర హైవే పక్కన పెట్రోలు బంకులో వ్యాన్ ఆపుకొని ఇది రాస్తున్నాను. రేపటికి కోపం తగ్గితే మర్యాదగా రాస్తానేమో, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

షాపు పేరు రాయను. నెల్లూరు చుట్టుపక్కల వ్యాన్లు కట్టించుకున్న వాళ్ళకీ, బండి మీద సోలార్ బిగించుకున్న వాళ్ళకీ చెప్పక్కర్లేదు. రోజూ వీడియోలు పెట్టే ఆయనే. నవ్వుతూ మాట్లాడతాడే, ఆయనే.

నా సంగతి రెండు ముక్కల్లో. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. ఒంగోలు ఇల్లు అద్దెకిచ్చేసి, జనవరి నుంచి నేనూ మా ఆవిడా పాత ట్రావెలర్ వ్యాన్‌లోనే కాపురం. మంచం, స్టవ్వు, పైన 200 వాట్ల ప్యానెల్, సీటు కింద 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ. లేనిదల్లా ఫ్రిజ్. చలికాలం అది లేకుండానే గడిచింది. ఏప్రిల్ వచ్చేసరికి పొద్దున కాచిన పాలు పదింటికే విరుగుతున్నాయి. అది సర్దుకోవచ్చు. ఆవిడ ఇన్సులిన్‌తో సర్దుకోలేం కదా. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ పెట్టెలో పెడితే ఎక్కడ గడ్డకడతాయోనని భయం, గడ్డకట్టినా పనికిరావు. అందుకని ఫ్రిజ్ కోసం నెల్లూరు వెళ్ళాం.

షాపులో 30 లీటర్ల పెట్టె మూత తీసి, లోపల్నుంచి నీళ్ళ సీసా తీసి నా చేతికిచ్చాడు. చుట్టూ చెమట పట్టి, వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతున్న ఎండ. ఆ సీసా పట్టుకోగానే నా బుర్ర కూడా గడ్డకట్టినట్టుంది.

మా ఆవిడ మాత్రం పెట్టె పక్కన చెయ్యి ఆనించి, “ఏమండీ, దీనికి మోటారు చప్పుడు రావట్లేదేంటి? మన ఇంట్లోది గుర్రుమనేది కదా” అంది. ఆయన వెంటనే, “అది సైలెంట్ టెక్నాలజీ అమ్మా. ఆ గుర్రులన్నీ పాత మోడళ్ళకే” అన్నాడు. నేనేం చేశానో తెలుసా? “ఇప్పుడు టెక్నాలజీ మారిపోయిందిలే” అని ఆవిడకే పాఠం చెప్పాను. పక్కన ఒక స్విచ్చు కూడా చూపించాడు. ఒకవైపు నొక్కితే చల్లన, ఇంకోవైపు నొక్కితే వేడి. “డిసెంబర్లో అన్నం వేడిగా పెట్టుకోండి సార్, ఒకే ఖర్చులో రెండు పనులు” అన్నాడు. 21,500 కట్టాను. కంప్రెసర్ ఫ్రిజ్‌లు ముప్పై వేల పైమాట అని విన్నాను కాబట్టి, బేరం భలే కుదిరిందని దారంతా మురిసిపోయాను.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి, సిగ్గుగానే ఉంది. రెండు వేర్వేరు లోహాల సంధుల గుండా కరెంటు పోతే ఒక సంధి చల్లబడుతుంది, రెండోది వేడెక్కుతుంది. కరెంటు దిశ తిప్పితే చల్లబడ్డది వేడెక్కుతుంది. 1834లో పెల్టియర్ కనిపెట్టాడు. దీన్ని నేను ఇంటర్ పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ ఎన్నేళ్ళు చెప్పానో లెక్కలేదు. చల్లన, వేడి అని స్విచ్చు కళ్ళముందు పెడితే, దిశ తిప్పుతున్నాడురా అని తట్టాలా వద్దా? తట్టలేదు. సున్నా మార్కులు.

ఆ పెట్టెలో కంప్రెసర్ లేదు, గ్యాస్ లేదు. ఒక చిన్న పెల్టియర్ పలక, రెండు ఫ్యాన్లు, చుట్టూ థర్మోకోల్ లాంటిది. అలాంటి పెట్టె బయటి వేడి కంటే పదిహేను, మహా అయితే ఇరవై డిగ్రీలు తగ్గించగలదు. ఊటీలో పనికొస్తుందేమో. మన దగ్గర రోహిణి కార్తెలో బయట 41 ఉంటే లోపల ఎంత ఉంటుందో మీరే తీసివేసుకోండి.

నేను తీసివేయక్కర్లేదు, కొలిచాను. కొత్తపట్నం తీరంలో సరుగుడు తోట పక్కన ఆపుకున్నాం. బయట 41, పెట్టెలో 24. రాత్రంతా పెట్టినా ఇంకో రెండు డిగ్రీలు తగ్గిందంతే. పైగా అది ఆగదు. కంప్రెసర్ ఫ్రిజ్ అయితే అనుకున్న చల్లదనం రాగానే టక్కున ఆగి, మళ్ళీ కావలసినప్పుడు మొదలవుతుంది. దీనికి ఆ చల్లదనం ఎప్పటికీ రాదు కాబట్టి ఆగే ప్రసక్తే లేదు. పెట్టె మీద 60 వాట్లని ఉంది. రోజుకి 60 ఇంటూ 24, 1,440 వాట్ అవర్లు. మా బ్యాటరీలో నిండుగా ఉన్నప్పుడే 1,280. మనుషులకి నీడ కావాలని చెట్ల కింద ఆపామా, ప్యానెల్‌కి ఎండ లేదు. రెండో రోజు వ్యాన్ మూసేసి ఆటోలో ఒంగోలు వెళ్ళి సాయంత్రానికి వచ్చేసరికి బ్యాటరీ పడుకుంది, ఫ్యాన్లు ఆగిపోయాయి. వ్యాన్ లోపల 49, పెట్టెలో 38. పొద్దున కొన్న వంజరం ముక్కల వాసన తలుపు తీయకముందే తగిలింది. చేపలు పోతే పోయాయి, నాలుగు ఇన్సులిన్ పెన్నులు అందులోనే ఉన్నాయి. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, “ఎన్ని గంటలు అంత వేడిలో ఉన్నాయో తెలియనప్పుడు వాడొద్దమ్మా, పారేయండి” అన్నారు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ పెన్నులు నాలుగూ తీసి కవర్లో కట్టి పెట్టింది. అంటే బాగుండేది.

ఇక అసలు కథ. ఇవాళ పెట్టె పట్టుకొని నెల్లూరు వెళ్ళాను. గొడవ అవుతుందని ముందే ఊహించుకున్నాను. ఆయనేమో లేచి నిలబడ్డాడు. “రండి సార్, కూర్చోండి. ఎండన పడి వచ్చారు. టీ తాగండి, చూద్దాం” అన్నాడు. డబ్బులు తిరిగిస్తాడనే అనుకున్నాను. నిజంగా.

టీ చేతికి వచ్చేలోపు ఒక జంట వచ్చారు. చిన్నవాళ్ళు, చంటిబిడ్డ ఎత్తుకొని ఉన్నారు. బయట తెల్ల మారుతి ఈకో వ్యాన్, దాని పైన నిచ్చెన. వాళ్ళూ మనలాగే బండి కట్టించుకుంటున్నారు. వ్యాన్‌కి ఫ్రిజ్ చూపించమన్నారు. ఆయన కళ్ళతోనే లోపలికి సైగ చేశాడు. షాపు కుర్రాడు వెనక గదిలోకి వెళ్ళాడు. తలుపు సగం తెరిచే ఉంది, నా కుర్చీకి సరిగ్గా ఎదురుగా. లోపల మామూలు డబుల్ డోర్ ఇంటి ఫ్రిజ్. కుర్రాడు పై డోర్ తీసి, రాయిలా గడ్డకట్టిన రెండు సీసాలు, కింద నుంచి ఇంకో రెండు చల్లటి సీసాలు తీసి, గుడ్డతో మంచు తుడిచి, తువ్వాలు కింద దాచుకొని తెచ్చాడు. అమ్మే పెట్టెలో అడుగున గడ్డలు, పైన నీళ్ళ సీసాలు పేర్చి మూత వేశాడు. చాలా పద్ధతిగా చేశాడు, రోజూ చేసే పనిలా. ఈలోగా ఆయన వాళ్ళకి సోలార్ ప్లేట్ల గురించి చెబుతూ అటు తిప్పి పెట్టాడు.

తర్వాత మూత తీసి, పై సీసా ఆ అబ్బాయి చేతిలో పెట్టాడు. “చూడండి బ్రదర్, ఎట్టా ఉందో!” అదే వాక్యం. నాతో అన్నప్పుడు బ్రదర్ బదులు సార్, అంతే తేడా.

అప్పుడు నేను నోరు విప్పాలి. విప్పలేదు. ఆయన ఒకసారి నావైపు చూశాడు. నేను టీ గ్లాసులోకి చూశాను. ఎందుకంటే నా 21,500 ఇంకా ఆయన దగ్గరే ఉంది, ఇప్పుడు గొడవ పెట్టుకుంటే ఇవ్వడేమో అని. ఆ అమ్మాయి బిడ్డ పాలు ఇందులో పెట్టుకోవచ్చా అని అడిగింది. “నిక్షేపంగా పెట్టుకోండమ్మా” అన్నాడు. వాళ్ళు ఫోన్‌లో డబ్బు కొట్టి పెట్టె ఎత్తుకొని వెళ్ళారు. ఆ అబ్బాయి ఒక్క చేత్తో ఎత్తాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ ఒక్క చెయ్యే కళ్ళముందు కనబడుతోంది.

వాళ్ళ బండి కదిలాక ఆయన మొహం మారింది. “ఇప్పుడు చెప్పండి సార్.” చెప్పాను. “బయట నలభై ఉంటే అదేం చేస్తది? మీ వ్యాన్ వైరింగ్ చూపించుకోండి” అన్నాడు. ఫ్రిజ్ అని అమ్మారు కదా అన్నాను. బిల్లు చూడమన్నాడు. చూస్తే ‘12 వోల్ట్ కూలర్ వార్మర్ బాక్స్’ అని ఉంది. ఫ్రిజ్ అన్న మాట కాగితం మీద ఎక్కడా లేదు, ఆయన నోట్లోనే ఉంది. వెనక గదిలో సీసాలు చూశానన్నాను. నవ్వాడు.

“సార్, మీరు ఫిజిక్స్ లెక్చరర్ అని ఆ రోజు మీరే చెప్పారు. చూసుకొని కొనుక్కోవద్దా? ఇన్నాళ్ళూ పిల్లలకి ఏం చెప్పారు సార్?”

కుర్రాడు కూడా నవ్వాడు. దాచడం ఎందుకు, దానికి నా దగ్గర జవాబు లేదు. డబ్బు పోయినదానికంటే ఇది ఎక్కువ మండుతోంది. టీకి పది రూపాయలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. అదొక్కటే నేను చేసిన వీరకృత్యం.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకైతే ఫీజు కూడా లేదు. ఉండే చోటు ఎక్కడ అంటే చక్రాల మీద అని రాయలేం కదా, ఆధార్‌లో ఒంగోలు ఉంది, బతికిపోయాను.

కొనబోయేవాళ్ళకి నాలుగు మాటలు. వేడి స్విచ్చు ఉంటే దణ్ణం పెట్టి బయటికి వచ్చేయండి. ఒక్క చేత్తో సునాయాసంగా లేచిందంటే అందులో కంప్రెసర్ ఉండదు. 12 లేదా 24 వోల్టుల మీద నడిచే కంప్రెసర్ రకమే అడగండి, ఆ మాట బిల్లులో రాయించుకోండి. బ్యాటరీ దిగిపోతుంటే తనంతట తాను ఆగే ఏర్పాటు ఉందా అని చూడండి. లేబుల్ మీద క్లైమేట్ క్లాస్ టీ అని ఉంటే 43 డిగ్రీల వరకు తట్టుకోవాలని లెక్క, మన ఎండలకి అది కావాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి కాకుండా బ్యాటరీ నుంచి లావు వైరు, ఫ్యూజు వేయించండి. షాపులో సీసా ముట్టుకోకండి. ఖాళీ పెట్టెలో మీ థర్మామీటర్ పెట్టి, గంట కూర్చోండి. కూర్చోనివ్వకపోతే అదే జవాబు.

ఇవాళ మధ్యాహ్నం తెల్ల ఈకోలో బిడ్డతో వచ్చిన తమ్ముడూ, అమ్మాయీ, ఇది మీ దాకా చేరితే, ఆ పెట్టెలో ఉన్న గడ్డల సీసాలు తీసేసి రెండు గంటలు చూడండి. బిడ్డ పాలు మాత్రం అందులో పెట్టకండి. షాపులో కుర్చీలో టీ తాగుతూ కూర్చున్న తెల్లజుట్టాయన్ని నేనే. కేసు వేస్తానంటే ఆ వెనక గదిలో చూసింది చూసినట్టు వచ్చి చెప్తాను.