కారు లేకుండా పెంబ్రోక్‌షైర్: పిలిస్తే వచ్చే బస్సులో తిరిగాం

వేల్స్‌లో పెంబ్రోక్‌షైర్ తీరం చూడాలంటే కారు ఉండాల్సిందే అంటారు చాలామంది, అక్కర్లేదండీ. మేం హేవర్‌ఫర్డ్‌వెస్ట్ దాకా ట్రైన్‌లో వెళ్లి, అక్కడ్నుంచి సెయింట్ డేవిడ్స్‌కి టీ11 మామూలు బస్సెక్కి, ఆ పైన పల్లెల మధ్య తిరగడానికి ఫ్లెక్సి అనే పిలిస్తే వచ్చే బస్సు పట్టుకున్నాం. కాకపోతే ఈ ఫ్లెక్సి ఎలా నడుస్తుందో తెలుసుకుని వెళ్లాలి, రూమ్ కూడా దాన్ని బట్టే చూసుకోవాలి, అందుకే ఇదంతా రాస్తున్నా.

ఇది అక్కడి ప్రభుత్వ రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ వేల్స్ 2020లో మొదలుపెట్టిన ఆన్ డిమాండ్ బస్సు. యాప్‌లో గానీ ఫోన్ చేసి గానీ ఎక్కడ ఎక్కుతామో ఎక్కడ దిగుతామో చెప్తే, ఆ టైంకి అటే వెళ్లేవాళ్లందర్నీ కలిపి సాఫ్ట్‌వేర్ రూట్ వేస్తుంది. టాక్సీ అనుకుని ఎక్కితే మాత్రం చిరాకు పడతారు, మధ్యలో ఇంకో బుకింగ్ వస్తే బండి అటు తిరుగుతుంది.

మేం ఎక్కినప్పుడు అదే జరిగింది. డ్రైవర్ ముందున్న ట్యాబ్లెట్ టింగుమంది, ఆయన మెయిన్ రోడ్డు వదిలి ఒక సన్నటి దారిలోకి తిప్పాడు, రెండు వైపులా మనిషెత్తు పొదలు అద్దాలకి రాసుకుంటున్నాయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తే చాలా దూరం రివర్స్‌లో వచ్చి దారిచ్చి మళ్లీ ముందుకెళ్లాడు. ఆ దారి చివర ఒక పెద్దావిడ చేతికర్రతో నిలబడి ఉంది, డాక్టర్ దగ్గరికట. డ్రైవర్ దిగి సంచి అందుకుని, ఆవిడ బెల్ట్ పెట్టుకున్నాకే కదిలించాడు. మాకు కాస్త లేటైంది, అయితే ఏంటి, ఆ దార్లోకి పెద్ద బస్సు ఎలాగూ రాదు, అసలు ఈ సర్వీస్ పెట్టిందే అలాంటివాళ్ల కోసం. మనం టూరిస్టులం, కొంచెం సర్దుకోవాలి.

నడిచేవాళ్లకి ఇది నిజంగా వరం. ఇక్కడి కోస్ట్ పాత్, అంటే తీరం వెంబడి నడకదారి, 1970లో తెరిచారు, 186 మైళ్లు, అంటే దాదాపు 300 కిలోమీటర్లు. కారుంటే దాన్ని పెట్టిన చోటికే మళ్లీ నడిచి రావాలి, ఇదైతే ఒక చోట దిగి ఇంకో చోట ఎక్కొచ్చు. మేం అబెరెయిడీలో దిగాం, అక్కడి బ్లూ లగూన్ ఒకప్పటి పలకరాతి క్వారీ, సముద్రం నీళ్లు లోపలికొచ్చి నీలంగా నిండిపోయింది. అక్కడ్నుంచి కొండ అంచు వెంబడి పోర్త్‌గెయిన్ రేవు దాకా నడక, చేసిన వాటిల్లో ఇదే బెస్ట్. తిరుగు బస్సు మాత్రం బయల్దేరకముందే బుక్ చేసేయండి, ఇలాంటి సర్వీసుల్లో బండ్లు తక్కువ, సీట్లు త్వరగా అయిపోతాయి.

ఇక బస. మొదట దిగింది పొలాల మధ్య ఒక ఫామ్‌హౌస్‌లో, పేరెందుకులెండి. బస్సు గుమ్మం దాకా వస్తుందని పేజీలో రాశారు, వస్తుంది కూడా, కానీ అక్కడ సిగ్నల్ లేదు, వైఫై పొద్దస్తమానం పోతుంది, ఇంక యాప్ ఎలా తెరుస్తాం? చివరికి వాళ్ల ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేసి బుక్ చేసుకున్నాం. అందుకే నన్నడిగితే ఇలాంటి బస్సుకి యాప్ కన్నా ఫోన్ నంబర్ ముఖ్యం, పల్లెల్లో అది తీసేస్తే సగంమందికి బస్సు లేనట్టే. ఇంగ్లాండ్‌లో లింకన్‌షైర్‌లో కాల్‌కనెక్ట్ అనే ఇలాంటి బస్సే స్మార్ట్‌ఫోన్లు రాకముందే, 2001 నుంచీ, ఫోన్ బుకింగుల మీదే నడిచింది మరి.

తర్వాత సెయింట్ డేవిడ్స్‌కి మారాం, ప్రాణం హాయిగా ఉంది. బ్రిటన్‌లో అన్నిటికన్నా చిన్న సిటీ, పల్లెంత ఉంటుంది, కేథడ్రల్ పల్లంలో ఉండటంతో దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఫ్లెక్సి దొరక్కపోతే టీ11 ఉంటుంది. ఫామ్‌హౌస్‌లో వ్యూ బాగుంటుంది, కాదనను, కానీ కారు లేనివాళ్లు మామూలు బస్సు ఆగే ఊళ్లోనే రూమ్ తీసుకోండి, ఆదివారాలు, రాత్రిళ్లు ఏ బస్సు నడుస్తుందో రూమ్‌కి డబ్బులు కట్టకముందే చూసుకోండి.