చందమామ మాంత్రికుల సీరియళ్ళు: ఏళ్ళ తరబడి చదివాక

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ళు రాత్రికో భాగం చొప్పున చదివితే భయపెడతాయి. ఒక్క ఆదివారం కూర్చుని సంపుటం మొత్తం లాగించేస్తే విసుగు పుట్టిస్తాయి. పుస్తకం అదే, అక్షరాలు అవే. తేడా అంతా చదివే వేగంలో ఉంది. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలో ఇష్టపడి కొనుక్కుని, నాలుగు భాగాలు చదివి, ‘చిన్నప్పటి రుచి ఇప్పుడు లేదు’ అని అటకెక్కించిన వాళ్ళకు ముందుగా చెప్పాల్సిన మాట ఇదే.

సరుకేమిటో తెలియని వాళ్ళకు కొంచెం వివరం. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి 1970ల చివర ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు సీరియళ్ళు, నెలకో భాగం చొప్పున వచ్చాయి. పత్రికలో రచయిత పేరు వేసేవారు కాదు. చాలామంది అభిమానులకు ఆ పేరు ఎన్నో ఏళ్ళ తరవాత గానీ తెలియలేదు. బొమ్మలు చిత్రవి, అంటే టి.వి. రాఘవన్‌వి. పత్రిక మద్రాసు వడపళనిలో తయారైనా, దాన్ని నడిపిన చక్రపాణి, 1952 నుంచి సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలి వాళ్ళు. ఆ వచనం గుంటూరు, కృష్ణా జిల్లాల ఇళ్ళలో ఇవాళ్టికీ బిగ్గరగా చదవడానికి నోటికి అడ్డం పడకపోవడానికి అదొక కారణం అనుకుంటాను.

ఇప్పటి కుర్రాళ్ళు వీటిని డార్క్ ఫాంటసీ అంటున్నారు. ఆ పేరు వీటికి బాగానే సరిపోతుంది. మనుషుల్ని బలివ్వాలని చూసే మాంత్రికులు, అడవిలో పాడుబడ్డ కోటలు, గుహల్లో రాక్షసులు, వింత జంతువుల మీద స్వారీ చేసే మూకలు, అడుగడుగునా చావు. పిల్లల పత్రికలో వచ్చినా వీటిలో రక్తం దాచిపెట్టలేదు. ఇందులో భయం ఎక్కడినుంచి పుడుతుందో గమనిస్తే మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది. రచయిత ‘భయంకరం’ అనే విశేషణాన్ని వాడతాడు, కానీ దాని మీద ఆధారపడడు. పాత్ర మనసులో ఏం జరుగుతోందో రెండు మూడు వాక్యాలకు మించి చెప్పడు. ఎవరు ఎటు పరిగెత్తారు, చేతిలో ఏ ఆయుధం ఉంది, చెట్టుకూ కొండకూ మధ్య దూరమెంత, ఎదుటివాడు ఏమన్నాడు, ఇంతే. చదివేవాడి బుర్రలో ఆ చోటు మొత్తం స్పష్టంగా గీసి ఉంటుంది గనక, అందులోకి ప్రమాదం వచ్చేసరికి గుండె దానంతటదే వేగం పుంజుకుంటుంది. వర్ణనలు దట్టించి రాస్తున్న నేటి తెలుగు హారర్ రచయితలు ఇక్కడ నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఇంగ్లీషులో లావుపాటి ఫాంటసీ నవలలు చదివి వచ్చిన పాఠకులు రెండు ఫిర్యాదులు చేస్తుంటారు. మొదటిది, లోకానికి మ్యాపు లేదని. నిజమే, లేదు. కథ నడిచే క్రమమే దారి: ఊరు దాటితే అడవి, అడవి దాటితే కొండ, కొండ అవతల ఎవరూ చూడని లోయ. వెనక్కి వెళ్ళడం అరుదు గనక మ్యాపు లేని లోటు పెద్దగా తెలియదు. రెండోది, మంత్రాలకు లెక్కా పత్రం లేదని. ఈ మాటతో నేను ఏకీభవించను. ఈ కథల్లో మంత్రశక్తి తరచు ఒక వస్తువులో ఉంటుంది: దండం, కపాలం, శూలం, ఏదో ఒక మూలిక. ఆ వస్తువు చేతిలో ఉన్నంతసేపే మాంత్రికుడి బలం. అది జారిపోతే అతనూ మనలాంటి మనిషే. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుని చదివితే, నాయకుడు తల నరకడానికి ముందు చేతిని ఎందుకు కొడతాడో, దొంగతనం ఎందుకు యుద్ధమంత ముఖ్యమవుతుందో తెలుస్తుంది. ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’ కథల జంట నాయకులు ఖడ్గవర్మ, జీవదత్తుడిలో ఒకరిది కత్తి బలం, మరొకరిది మంత్రదండం బలం. ఏ చిక్కు ఎవరి వంతుకు వస్తుందో చూడటంలోనే సగం ఆసక్తి ఉంటుంది.

ఇక భాగం కట్టిన తీరు. ఇక్కడే ఎక్కువ మంది పొరపాటు పడుతున్నారు. ప్రతి భాగం మొదట్లో బ్రాకెట్లలో ‘జరిగిన కథ’ నాలుగైదు వాక్యాల్లో ఉంటుంది. ఆ వెంటనే, పోయిన నెల ఆగిన చోటి నుంచే, తీరికగా మొదలు పెట్టకుండా ఆపద మధ్యలోంచి కథ అందుకుంటుంది. మొదటి ఒకటి రెండు పేజీల్లో పాత గండం గడుస్తుంది. తరవాత కొంచెం ఊపిరి: నడక, మాటలు, కొత్త మనిషి పరిచయం. చివరి పేజీలో కొత్త గండం, కింద ‘ఇంకా ఉంది’. ఒక్కో భాగం సుమారు ఏడెనిమిది పేజీలు, దాదాపు ప్రతి పేజీలో బొమ్మ. బిగ్గరగా చదివితే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. అంటే గండం ఎదురవడానికీ అది గడిచిన ఊరటకూ మధ్య పాఠకుడికి నెల రోజుల విరామం ఉండేలా లెక్కగట్టిన నిర్మాణం ఇది. సంపుటంలో ఆ నెల మాయమై, గండం, గండం, గండం అని వరసగా పడుతుంది. పట్టుబడటం, తప్పించుకోవడం, మళ్ళీ పట్టుబడటం. ఐదో భాగానికి ‘వీళ్ళు ఎలాగూ బయటపడతారు’ అన్న ధీమా వచ్చేస్తుంది, భయం చచ్చిపోతుంది. లోపం కథది కాదు, మనం దాన్ని మింగిన తీరుది.

అందుకని చేయాల్సిన పని చాలా తేలిక. రోజుకు ఒక్కటే భాగం. వారాంతమైతే రెండు, అంతకు మించి వద్దు. చివరి పేజీ చదివాక పుస్తకం మూసి, తరవాత ఏం జరుగుతుందో ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడుకోవాలి. పిల్లలుంటే వాళ్ళనే ఊహించమనాలి, వాళ్ళు చెప్పేవి చాలాసార్లు కథకన్నా భయంకరంగా ఉంటాయి. సంపుటంలో రోజూ చదివేవాళ్ళు ‘జరిగిన కథ’ దాటేయొచ్చు. వారానికోసారి చదివేవాళ్ళు దాటకూడదు. ఎందుకంటే పేర్లు ఎక్కువ, అందులోనూ ఒకేలా వినిపించేవి ఎక్కువ. ‘పాతాళదుర్గం’లో ధూమకుడు, సోమకుడు అన్న జంటను చెవితో విడదీసి గుర్తుపెట్టుకోవడం చిన్నపిల్లలకు కష్టమే. ఒక చీటీ మీద పేరు, ఎవరి వైపు, చేతిలో ఏముంది అని మూడు గళ్ళు గీసి పుస్తకంలో పెట్టుకుంటే మధ్యలో వెనక్కి తిప్పే పని ఉండదు.

బొమ్మల విషయంలో ఒక జాగ్రత్త. చిత్ర వేసిన బొమ్మలు ఈ సీరియళ్ళలో సగం బలం. మాంత్రికుడి గడ్డం, జంతువుల కండలు, కొండచరియ అంచు అన్నీ మాటలతో సమానంగా కథ చెబుతాయి. కానీ బొమ్మ పేజీ పైభాగంలో ఉంటుంది, దానికి సంబంధించిన సంఘటన అదే పేజీ అడుగునో పక్క పేజీలోనో వస్తుంది. పుస్తకం తెరిచిన పిల్ల కన్ను ముందు బొమ్మ మీదే పడుతుంది, గుట్టు రట్టవుతుంది. చదివి వినిపించేటప్పుడు పోస్టుకార్డు సైజు అట్టముక్కతో బొమ్మను కప్పి, ఆ చోటు రాగానే తీయండి. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి.

అసలు ఫిర్యాదుల సంగతి. పాఠకులు చెప్పేవాటిలో కొన్ని పూర్తిగా న్యాయమైనవి. ఆడవాళ్ళు ఈ కథల్లో చాలా తక్కువ. ఉన్నా, ఎత్తుకుపోబడిన రాజకుమార్తెలుగానే ఎక్కువ కనిపిస్తారు. ఆడపిల్లలకు చదివి వినిపిస్తుంటే ‘నేను ఎవరిని?’ అన్న ప్రశ్న వస్తుంది. దానికి ఈ పుస్తకాల్లో మంచి జవాబు లేదు. అడవి జాతుల్ని ఒక్కోచోట నాయకులకు తోడుగా, ధైర్యవంతులుగా చూపించినా, మరికొన్ని చోట్ల బలులిచ్చే అనాగరిక మూకలుగా చూపించడం ఇప్పుడు ఇబ్బంది పెడుతుంది. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని ఆ మాట పిల్లలతో అనాల్సిందే. ముగింపులు హడావుడి అన్న విమర్శ కూడా ఒప్పుకుంటాను. ఏడాదికి పైగా పెంచుకుంటూ వచ్చిన చిక్కుముడిని చివరి ఒకటి రెండు భాగాల్లో తెంపేసిన భావన కలుగుతుంది. నెలల తరబడి భయపెట్టిన దుష్టుడు ఒక్క పేరాలో చచ్చిపోతే మనసుకు సరిపోదు. మధ్య భాగాలు మాత్రం సాగదీసినట్టు అనిపించినా తీసేయడానికి వీల్లేదు, కొత్త పాత్రలు పుట్టేది అక్కడే.

ఇక వస్తువుగా పుస్తకం. పాత సంచికలు కొనాలనుకుంటే విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో వెతకడం ఇప్పటికీ మంచి దారే, కానీ చేత్తో తిప్పి చూడకుండా డబ్బు ఇవ్వకండి. మొదట పిన్నులు చూడాలి. తుప్పు పట్టిన పిన్ను చుట్టూ కాగితం గోధుమరంగులోకి మారి, తిప్పిన రెండోసారే చిరుగుతుంది. తరవాత నట్టనడి కాగితం ఉందో లేదో చూడాలి, మొదట ఊడిపోయేది అదే. పేజీ అంకెలు వరసగా ఉన్నాయా లేదా అన్నది సీరియల్ పేజీల దగ్గరే కాక మొత్తం సంచికలో చూడాలి. బొమ్మలు కత్తిరించుకున్న సంచికలు చాలా ఉంటాయి, వెనకవైపు వచనం దాంతోపాటే పోతుంది.

ఫోటోస్టాట్ సెట్లు చవగ్గా దొరుకుతాయి, కానీ అందరికీ సరిపడవు. పాత సంచికల్లో నల్ల గీతతో పాటు ఒక లేత రంగు పూత ఉండేది. జిరాక్సు మిషను ఆ రంగును బూడిద మచ్చగా మారుస్తుంది. రంగు మీద అచ్చయిన అక్షరాలు చదవడమే కష్టమవుతుంది, రాత్రి దృశ్యాలైతే ఒట్టి నల్లముద్ద. తప్పనిసరై చేయించుకుంటే ముందు రంగుల్లో స్కాన్ చేయించి, కాంట్రాస్టు సరిచేసి, ఆపైన నలుపు తెలుపు ప్రింటు తీయించండి. నేరుగా మిషను మీద పెట్టి లాగించవద్దు.

విడి సంచికల్ని బైండు చేయించేటప్పుడు సీరియల్ పేజీలు మాత్రమే చింపి కుట్టించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు. భాగం చివరి పేజీ వెనక ఇంకో కథ మొదటి పేజీ ఉండొచ్చు, అది రెండు ముక్కలైపోతుంది. ఏడాదికొక సంపుటంగా కట్టించి, ఏ సీరియల్ ఎన్నో పేజీల్లో ఉందో లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుంటే చాలు. బైండరుకు మూడు మాటలు ముందే చెప్పాలి. లోపలి అంచు నుంచి సెంటీమీటరు కన్నా లోపలికి కుట్టు రాకూడదు, వస్తే పుస్తకం పూర్తిగా తెరుచుకోక బొమ్మల అంచులు వెన్నులోకి పోతాయి. కటింగు మిషను కింద మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి అంచు కోయకూడదు, పేజీ అంకెలు ఎగిరిపోతాయి. మైదా జిగురైతే అందులో మైలుతుత్తం కలపాలి, లేకపోతే వానాకాలం పూర్తవక ముందే పురుగు పడుతుంది.

కొత్తగా పుస్తకాలుగా వేసిన సంపుటాల్లో కుట్టు లేకుండా ఒట్టి జిగురుతో అంటించిన ప్రతులతో విజయవాడ ఎండల్లో తంటా ఉంది. మే నెలలో డాబా ఇంట్లో పై అంతస్తు గదిలో పెడితే జిగురు మెత్తబడి, మళ్ళీ గట్టిపడి, ఆ తరవాత పుస్తకం విప్పగానే వెన్ను పగులుతుంది. పేజీలు గుత్తులుగా చేతికొస్తాయి. గోడను ఆనుకున్న అల్మారాలో కాక, గాలి ఆడే చోట, వెనక రెండు వేళ్ళ సందు వదిలి నిలబెట్టండి. వేపాకు పెట్టేవాళ్ళు పచ్చిది పెట్టవద్దు, చెమ్మకు కాగితం మీద మరక పడుతుంది. బాగా ఎండిన ఆకును పల్చటి గుడ్డలో కట్టి పెట్టొచ్చు.

ఏది ముందు చదవాలంటే: ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు ‘పాతాళదుర్గం’తో మొదలుపెట్టొచ్చు. ‘రాతిరథం’ చదవకుండా ‘యక్షపర్వతం’ తెరవకండి, ఆ ఇద్దరు నాయకుల మీద ప్రేమ మొదటి పుస్తకంలోనే పుడుతుంది. ఆరేళ్ళ లోపు పిల్లలకు వీటిలో ఏదీ రాత్రిపూట వద్దు. బలి దృశ్యాలున్న భాగాన్ని పెద్దవాళ్ళు ముందు తాము చదువుకుని, సాయంత్రం వెలుతురు ఉండగానే వినిపించడం మంచిది. ‘తోకచుక్క’ను మాత్రం చివరికి ఉంచుకోండి. మొదటి సీరియల్ గనక మొదట చదవాలని అందరికీ అనిపిస్తుంది గానీ, మిగతావి చదివి వస్తే, ఆ పద్ధతి అంతా అందులో ఎలా కుదురుకుంటోందో పేజీ పేజీకీ పట్టుకోగలుగుతారు.