జపాన్ తెల్ల ఓక్ బొక్కెన్: పది నెలలు వాడాక చెబుతున్నాను

నా మొదటి బొక్కెన్, అంటే జపాన్ కత్తి విద్య సాధనకు వాడే చెక్క కత్తి, మూడో నెలలో విరిగింది. డోజోలో, అంటే మేం నేర్చుకునే హాల్లో, ఇద్దరిద్దరం ఎదురెదురుగా నిలబడి కుమితాచి, అంటే జంట కత్తి సాధన, చేస్తున్నాం. నా ఎదురుగా ఇంటర్ చదివే తమ్ముడు ఉన్నాడు. వాడి దెబ్బను నేను పక్కకు తోశాను, పెద్ద బలంగా కూడా కాదు, అంతే, నా కత్తి మొనవైపు జానెడు ముక్క ఊడి వాడి చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ముక్క రెండంగుళాలు ఇటు వచ్చి ఉంటే వాళ్లమ్మకు నేను ఏం చెప్పేదాన్ని?

ఐకిడో, కెండో, ఇయైడో లాంటి జపాన్ యుద్ధ విద్యలు కొత్తగా మొదలుపెట్టి హైదరాబాద్‌లో చెక్క కత్తి కోసం వెతుకుతున్నవాళ్లు నేను చేసిన తప్పు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ విరిగినది ఆన్‌లైన్‌లో 900 రూపాయలకు కొన్నాను. ఫొటోలో ముదురు గోధుమ రంగు, తళతళ మెరిసే వార్నిష్. వివరాల్లో 'హార్డ్‌వుడ్' అని తప్ప ఏ చెక్కో లేదు. విరిగాక ముక్కను వెలుతురులో పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. చెక్కలో గీతలు పిడి నుంచి మొన దాకా నిలువుగా సాగాలి, దీంట్లో మాత్రం ఏటవాలుగా పక్కకు దిగిపోయాయి. సరిగ్గా ఆ వాలు వెంటే చీలింది. ఊళ్లో మా తాతయ్య గొడ్డలికి కామ ఎంచుకునేటప్పుడు కర్రను కంటి ముందు పెట్టుకుని తిప్పి తిప్పి చూసేవారు, ముడి ఉన్నా గీత వాలినా పక్కన పడేసేవారు. నేను అదే చూడాల్సింది, కానీ ఆ వార్నిష్ కింద ఏమీ కనపడలేదు. అందుకే ముదురు రంగు, దట్టమైన పాలిష్ ఉన్న చెక్క కత్తిని ఇప్పుడు నేను ముట్టుకోను.

తర్వాత షాపుల మీద పడ్డాను. కోఠి, ఆబిడ్స్, ఎల్.బి. స్టేడియం చుట్టుపక్కల నేను తిరిగిన స్పోర్ట్స్ షాపుల్లో కరాటే డ్రెస్సులు, బెల్టులు, ప్యాడ్లు ఎన్ని కావాలంటే అన్ని దొరికాయి, బొక్కెన్ అంటే మాత్రం ఒకటి రెండు చోట్ల నేను కొన్న రకమే చూపించారు. ఒక షాపులో అయితే 'జపాన్ కత్తే కదా మేడం' అని గోడకు వేలాడదీసే స్టీలు కటానా తీసి ఇచ్చారు, ప్రాక్టీసుకు బాగా పనికొస్తుందని కూడా చెప్పారు. పిడి పట్టుకుని కొంచెం మెలి తిప్పితే లోపల కదులుతోంది. దయచేసి ఇలాంటిది కొని తిప్పకండి. అసలైన కత్తిలో ఇనుము పిడి లోపలికి వెడల్పుగా చాలా దూరం వెళ్తుంది, దాన్ని మెకుగి అనే వెదురు చీల పట్టి ఉంచుతుంది. ఈ అలంకారం కత్తుల్లో చాలావాటికి పిడి లోపల సన్నటి కడ్డీ ఒకటి వెల్డింగ్ చేసి చివర నట్టు బిగిస్తారు, గట్టిగా ఊపితే ఆ అతుకు తెగి బ్లేడు గాల్లోకి ఎగురుతుంది. చెక్క ముక్క ఎగిరితేనే నా గుండె అంత కొట్టుకుంది, ఇక ఇనుప బ్లేడు సంగతి ఆలోచించండి.

మా వీధి వడ్రంగి అన్నతో కూడా చేయించి చూశాను. మొదట సండ్ర చెక్క. గట్టిదనంలో దానికి వంక పెట్టలేం కానీ చేశాక తూస్తే 900 గ్రాములు దాటింది, పది నిమిషాలు తిప్పేసరికి మణికట్టు లాగేసింది. 'ఇది రోకలికి బాగుంటది మేడం, తిప్పనీకి కాదు' అని ఆయనే అన్నాడు. తర్వాత తుమ్మతో చేశాడు, అది 700 గ్రాములు వచ్చింది, బండి చక్రాలకు వాడే చెక్క కాబట్టి దెబ్బకు ఓర్చుకుంటుంది. ఆ కత్తి ఇప్పటికీ నా దగ్గర ఉంది, పొద్దున్నే మేడ మీద ఒంటరిగా సుబురి, అంటే ఒకే వేటును మళ్లీ మళ్లీ గాల్లో వేసే సాధన, చేయడానికి చాలా బాగుంది. కానీ దాని వంపు సరిగ్గా కుదరలేదు. జంటగా చేసేటప్పుడు మాత్రం వద్దని మా సెన్సే, అంటే గురువుగారు, చెప్పారు, ఎదుటి కత్తి మీద పడ్డప్పుడు అది ఎలా నడుచుకుంటుందో మాకెవరికీ తెలియదు కాబట్టి. ఆయన మాట సబబే. టేకుతో చేయిస్తే అని అడిగేవాళ్లకు: టేకు వంకర పోదు, తలుపులకు అందుకే వాడతాం, అయితే దెబ్బ మీద దెబ్బ తట్టుకునే గుణం దానికి తక్కువ.

చివరికి జపాన్ నుంచే తెప్పించాను. షిరోగాషి, అంటే అక్కడి తెల్ల ఓక్. జపాన్‌లో తయారయ్యే చెక్క కత్తుల్లో చాలా భాగం క్యూషూ దీవిలోని మియాకొనోజో అనే ఊరి నుంచే వస్తాయి, నాది కూడా అక్కడి తయారీయే. అకగాషి అనే ఎర్ర ఓక్ కూడా ఉంటుంది, చూడ్డానికి ఇంకా అందంగా ఉంటుంది కానీ జంటగా కొట్టుకునే సాధనకు తెల్లదే మేలని మా డోజోలో పెద్దవాళ్లందరి మాట. కత్తి, పోస్టేజీ, కస్టమ్స్ అన్నీ కలిపి నాకు 6,800 అయింది, అందులో సగం దారి ఖర్చే. పార్సిల్ రావడానికి 19 రోజులు పట్టింది. డబ్బా మీద 'చెక్కతో చేసిన వ్యాయామ పరికరం' అని స్పష్టంగా రాయమని ముందే అడిగాను, ఉత్త 'కత్తి' అని రాస్తే ఎక్కడో ఆగిపోతుందేమోనని టెన్షన్.

చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. పొడవు 101.5 సెంటీమీటర్లు, వంటింటి తూకంలో 560 గ్రాములు. పాతది చీపురు కర్రలా గుండ్రంగా ఉండేది, దీని పిడి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. చూడకుండానే అంచు ఎటు తిరిగి ఉందో అరచేతికి తెలిసిపోతుంది. కత్తి వేటులో అసలు నేర్చుకోవాల్సిందే అది, అంచు సూటిగా దిగడం. ఏడాదిగా సెన్సే 'అంచు పక్కకు పోతోంది' అని చెబుతూ ఉంటే నా చేతుల్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను, ఈ కత్తి పట్టిన రెండు వారాల్లో సగం సర్దుకుంది. గీతలు మొన దాకా నిలువుగా ఉన్నాయి, ఒక్క ముడి లేదు, పైన వార్నిష్ లేదు కాబట్టి అన్నీ కంటికి కనిపిస్తున్నాయి. చెమట పట్టినా జారదు.

లోపాలూ ఉన్నాయి. మొన నుంచి కన్ను పెట్టి చూస్తే కుడివైపు వెంట్రుకవాసి వంపు ఉంది, వాడకానికి అడ్డం రాలేదు కానీ ఈ ధరకు అది ఉండకూడదు. త్సుబా, అంటే చేతికి అడ్డుగా ఉండే బిళ్ల, విడిగా కొనాలి. దాన్ని జారకుండా ఆపే రబ్బరు రింగు ఇక్కడ నాకెక్కడా దొరకలేదు, పాత సైకిల్ ట్యూబు కోసి వేసుకున్నాను, అది బాగానే పనిచేస్తోంది. మీరు ఐకిడో చేస్తుంటే చాలాచోట్ల త్సుబా లేకుండానే వాడతారు, ఆ ఖర్చు తప్పుతుంది.

కొనే ముందు మీ గురువును అడగడం మాత్రం తప్పనిసరి. ఇవామా పద్ధతి ఐకిడోలో వాడేది లావుగా ఉంటుంది, కొన్ని పాత కత్తి విద్యల వాళ్లది వేరే తీరులో ఉంటుంది. నాదానిలాంటి మామూలు కత్తి పట్టుకుని లావువి వాడే చోటికి వెళ్తే నాలుగు రోజుల్లో ముక్కలవుతుంది. కవచం వేసుకుని ఒకరినొకరు నిజంగా కొట్టుకునే కెండోకు బొక్కెన్ కాదు, షినై కావాలి. అది నాలుగు వెదురు బద్దల కట్ట, పెద్దవాళ్లకు 39 సైజు, 120 సెంటీమీటర్లు మించకూడదు. బొక్కెన్ మనిషి ఒంటి మీద వేయడానికి కాదు. 1612లో మియామొతో ముసాషి ససాకి కొజిరోను చెక్క కత్తితోనే చంపాడని, తెడ్డును చెక్కి దాన్ని చేసుకున్నాడని జపాన్‌లో చెప్పుకుంటారు. చెక్కే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఈ కథ చెబుతుంటాను.

ఇయైతో గురించి నన్ను చాలామంది అడుగుతున్నారు. అది పదును లేని లోహపు కత్తి, ఎక్కువగా జింక్, అల్యూమినియం కలిపి పోత పోస్తారు, ఒర నుంచి తీయడం, తిరిగి పెట్టడం నేర్చుకోవడానికి. దేన్నీ నరకడానికి కాదు, ఇంకో కత్తికి తగిలించడానికి అసలే కాదు. దాని పొడవు షాకు లెక్కలో చెబుతారు, ఒక షాకు 30.3 సెంటీమీటర్లు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న నాకు 2.3 షాకు, అంటే దాదాపు 70 సెంటీమీటర్ల బ్లేడు సరిపోతుందని సెన్సే కొలిచి చెప్పారు. ఏడాది ఆగి కొనమన్నారు, ఆగుతాను. పదునున్న కత్తి జోలికి మాత్రం అస్సలు పోవద్దు. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమాల్లో ఖడ్గాలను, అలాగే ఇంటి పనికీ వ్యవసాయానికీ పరిశ్రమలకూ వాడేవి కాకుండా 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడున్న కత్తులను ఆయుధాల జాబితాలోనే పెట్టారు. చెక్కదైనా సరే రోడ్డు మీద చేత్తో పట్టుకుని నడవకండి, సంచిలో పెట్టుకోండి. నాకు మా టైలరక్క పాత జీన్స్ ప్యాంటుతో పొడవాటి సంచి కుట్టిపెట్టింది, 150 రూపాయలు.

మన ఎండలకు దీన్ని కాపాడుకోవడం ఒక పని. మేలో కారులో వదిలేయొద్దు, చెక్క ఎండి పగులుతుంది. గోడకు ఏటవాలుగా ఆనించి ఉంచితే వంగుతుంది, పడుకోబెట్టాలి. రెండు నెలలకోసారి ఉప్పుకాగితంతో సన్నగా రుద్ది, గుడ్డతో అవిసె నూనె పలచగా పట్టించి ఒక రోజు ఆరనిస్తాను. కొబ్బరి నూనె పూయకండి, అది ఆరదు, జిడ్డు మిగులుతుంది.

పది నెలల్లో దీని మీద చిన్న సొట్టలు పదీ పదిహేను పడ్డాయి, పగులు ఒక్కటీ లేదు. అయినా ప్రతి క్లాసుకు ముందు మొన నుంచి పిడి దాకా వేలితో తడిమి చూస్తాను, ఎక్కడైనా పేడు లేచి గోటికి తగిలిందంటే ఆ రోజు దాన్ని జంట సాధనకు తీయను. ఆ తమ్ముడు కూడా పోయిన నెల ఇలాంటిదే తెప్పించుకున్నాడు. వాడూ, ఇంకో అక్కా కలిసి ఒకే పార్సిల్‌లో తెప్పించుకోవడంతో ఇద్దరికీ దారి ఖర్చు చెరి సగం అయింది.