సలేశ్వరం జాతర తర్వాత క్లీనింగ్ క్యాంపు: పని మంచిదే, ఏర్పాట్లే అంతంతమాత్రం

జాతర అయిపోయాక సలేశ్వరం లోయలో మిగిలే చెత్త ఎత్తడానికి ఒక వలంటీర్ గ్రూపు శని, ఆదివారాల్లో క్యాంపు పెట్టింది. మనిషికి 1,500 రూపాయలు. అచ్చంపేట బస్టాండు నుంచి బండి, మన్ననూరులో బస, తిండి, గ్లౌజులు, టోపీ అన్నీ అందులోనే అన్నారు. నాగర్‌కర్నూల్ నుంచి నేను, మా తమ్ముడు వెళ్లాం. గ్రూపు పేరు రాయట్లేదు, వాళ్ల ఉద్దేశం మంచిదే, కాకపోతే డబ్బులు తీసుకున్నాక ఉద్దేశం ఒక్కటే సరిపోదు కదా.

సలేశ్వరం లింగమయ్య (శివుడి) గుడి నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపల ఉంది. మామూలు రోజుల్లో లోపలికి పోనివ్వరు, చైత్ర పౌర్ణమి జాతరకే దారి తెరుస్తారు. ఆ కొద్ది రోజుల్లోనే 'వత్తన్నం వత్తన్నం లింగమయ్యా' అనుకుంటూ వేలల్లో జనం దిగుతారు. రిజర్వులో 2024 జులై నుంచి ప్లాస్టిక్ నిషేధం ఉన్నా నీళ్ల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, పులిహోర తిని పడేసిన ప్లేట్లు దారి పొడుగునా కనిపిస్తాయి. ఉప్పు వాసనకు, తిండి వాసనకు జింకలు ఆ కవర్లు కూడా నమిలేస్తాయి, అందుకే వానలు పడకముందే ఎత్తాలి. వానలొస్తే అదంతా వాగుల్లో కొట్టుకుపోతుంది, ఇక ఎవరికీ దొరకదు.

రోజు ఎట్లా ఉంటుందంటే, తెల్లవారుజామున ఐదింటికి లేపుతారు, చాయ్ తాగి డీసీఎం వ్యాను ఎక్కితే ఫర్హాబాద్ గేటు దాటి లోపలికి. అక్కడ్నుంచి ఫోన్లు పనిచేయవు. బండి ఆగిన చోటు నుంచి నడక, ఆ తర్వాత రాళ్ల మధ్య దిగుడు. పదకొండు దాకా ఏరి, ఎండ ముదిరాక చెట్ల కింద పడుకుని, మూడున్నరకు మళ్లీ మొదలుపెట్టి చీకటి పడకముందే బయటికి రావాలి. రాత్రి మన్ననూరులో సీసాలు ఒక కుప్ప, కవర్లు ఒక కుప్ప, భక్తులు లోయలోని నీటి గుండంలో స్నానం చేసి వదిలేసిన తడి బట్టలు ఒక కుప్పగా వేరు చేయడం. ఈ చివరి పని గురించి ఎవరూ ముందుగా చెప్పరు, వాసనకు అన్నం సహించదు.

అసలు సంగతి మోత. లోయలో చెత్త ఏరడం ఎవరైనా చేస్తారు. నిండిన గోనెసంచిని నెత్తిన పెట్టుకుని, ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు దారిలో ఏప్రిల్ ఎండకు పైకెక్కడమే పని. దానికి గ్రూపు వాళ్లు ఏ ఏర్పాటూ చేయలేదు. కావడి కట్టెలు లేవు, తాళ్లు సరిపోలేదు, మధ్యలో సంచి అందుకునే మనుషుల్ని పెట్టలేదు. శనివారం అందరం ఉత్సాహంగా కింద సంచులు నింపుకుంటూ పోయాం, సాయంత్రానికి సగం అక్కడే మిగిలిపోయాయి. మాతో వచ్చిన చెంచు ఫారెస్ట్ వాచర్ పొద్దున్నే అన్నాడు, "సార్, ఏరుడు ఎంతసేపు, మోసుడు సూడుండ్రి" అని. కోఆర్డినేటర్ బ్యానర్ ఫొటో హడావుడిలో ఉన్నాడు, వినలేదు. ఆదివారం ఆ వాచరే మమ్మల్ని దారి వెంట వరసగా నిలబెట్టి సంచులు చేతులు మార్పించాడు, చూస్తుండగానే లోయ ఖాళీ అయింది. నా లెక్కన 1,500లో సగం ఆయనకు ఇవ్వాలి.

తిండికి మాత్రం పేరు పెట్టలేం. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, మధ్యాహ్నం పెరుగన్నం, అడిగినంత పెట్టారు. నీళ్ల క్యాన్లు మాత్రం బండి దగ్గరే ఉంచారు, కిందికి ఎవరి సీసా వాళ్లదే. గ్లౌజులు పలచటి రబ్బరువి, గాజుపెంకులు ఏరేచోట గంట కూడా ఆగలేదు. అచ్చంపేట హార్డ్‌వేర్ షాపులో కూలీలు వాడే మందం గ్లౌజులు కొనుక్కుని పోండి, చెప్పులతో కాదు, బూట్లతో పోండి, సాయంత్రం ఒళ్లంతా చూసుకోండి, గోమార్లు పట్టుకుంటాయి.

ఆడపిల్లలు బాగానే వచ్చారు. వాళ్లకు అడవిలో మరుగు కోసం కనీసం ఒక టార్పాలిన్ కట్టాలన్న ఆలోచన కూడా నిర్వాహకులకు రాలేదు, అడిగితే "అడ్జస్ట్ చేసుకోండి" అన్నారు. ఇది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది. సర్టిఫికెట్ కోసం వచ్చిన కాలేజీ పిల్లలు కొందరు నీడ వదల్లేదు, కొందరు మాకన్నా ఎక్కువ మోశారు, అది ఎక్కడైనా ఉండేదే.

ఐదుకు మూడు ఇస్తాను, అందులో రెండు వాచర్‌కు, వంటవాళ్లకు. వచ్చే చైత్రానికి మళ్లీ పెడతామంటున్నారు. డబ్బులు కట్టేముందు రెండే అడగండి: సంచులు పైకెట్లా తెస్తారు, ఆడవాళ్లకు ఏం ఏర్పాటు చేశారు. "అక్కడికెళ్లాక చూద్దాం" అంటే కట్టకండి.