కొత్త కారు కొంటున్నారా? ఆన్‌రోడ్ లెక్క కాగితం మీద చూడకుండా అడ్వాన్స్ కట్టకండి

పండక్కి కారు తీసుకుని భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించాలని హనుమకొండలో షోరూంలు తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. మా బావమరిదికి ఈ మధ్యే ఎదురైన అనుభవం. షోరూం పేరు రాయను.

ఫ్లెక్సీ మీద రేటు 8 లక్షల 90 వేలు. 11 వేలు అడ్వాన్స్ కట్టించుకున్నాక ఇచ్చిన కాగితంలో ఆన్‌రోడ్ రేటు, అంటే ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి, 11 లక్షల 25 వేలు! ఇందులో లైఫ్ ట్యాక్స్‌తో పేచీ లేదు. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల లోపు కారుకు 14 శాతం, అంటే దాదాపు లక్షా పాతిక వేలు. వరంగల్‌లో కొన్నా కరీంనగర్‌లో కొన్నా అంతే. కారు 10 లక్షలు దాటితే ట్యాక్స్ శాతం పెరుగుతుంది, పైగా 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కడతారు. ఆ టీసీఎస్‌ను ఐటీ రిటర్న్‌లో చూపించుకోవచ్చు, దాని గురించి టెన్షన్ వద్దు.

ట్యాక్స్ పోను మిగిలిన లక్షా పది వేలలోనే ఉంది అసలు కథ.

ఇన్సూరెన్స్‌కు 52 వేలు వేశారు. అదే కవరేజీకి బయట 36 వేలు చెప్పారు. బయట తీసుకుంటే డెలివరీ లేటవుతుందని, క్లెయిమ్ వస్తే తాము పట్టించుకోమని సేల్స్ అబ్బాయి భయపెట్టాడు. ఇన్సూరెన్స్ ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవాళ్ల ఇష్టం. కొత్త కారుకు థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) మాత్రం 3 ఏళ్లకు ఒకేసారి తీసుకోవాలి, 2018 సెప్టెంబర్ నుంచి అదే రూలు. సొంత డ్యామేజీకి ఏడాది పాలసీ చాలు. ఒక్క మాట: పోల్చేటప్పుడు ఐడీవీ (కారు పూర్తిగా పోతే బీమా కంపెనీ లెక్కగట్టే విలువ), జీరో డెప్ (పార్టుల అరుగుదల పేరుతో క్లెయిమ్‌లో కోత లేకుండా ఇచ్చే కవర్) రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. ఐడీవీ తగ్గించి చవక రేటు చూపించేవాళ్లు బయటా ఉన్నారు.

హ్యాండ్లింగ్ చార్జీలు 9,500. ఏ రూలు ప్రకారమో రాసివ్వమంటే మేనేజర్ మాట్లాడకుండా ఆ మొత్తాన్ని కాగితంలోంచి తీసేశాడు. అడగనివాళ్లంతా కడుతున్నట్టే కదా!

మ్యాట్లు, సీట్ కవర్ల కిట్ 28 వేలు, అదీ కంపల్సరీ అట. ఎక్స్‌టెండెడ్ వారంటీ 18 వేలు, అడగకుండానే కలిపేశారు. గట్టిగా బేరమాడితే 20 వేలు డిస్కౌంట్ ఇస్తామన్నారు, కాకపోతే ఇన్సూరెన్స్, కిట్ రెండూ వాళ్ల దగ్గరే తీసుకోవాలి. ఇచ్చే దానికంటే ఆ రెండింట్లో లాగేదే ఎక్కువ.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి బోర్డు మీది రేటు చూడ్డానికి ఊరిస్తుంది. ఈ పక్క ఖర్చులను మాత్రం ఎవరూ తగ్గించలేదు.

బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాలు కూడా చదవండి. డెలివరీ రోజు ఉన్న ధరే వర్తిస్తుందని, క్యాన్సిల్ చేస్తే 5 వేలు కట్ అని అందులోనే ఉంది. మావాడు క్యాన్సిల్ చేసుకుని, అడ్వాన్స్ కోసం ఇంకా తిరుగుతున్నాడు. ఇక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తానంటున్నాడు.