రుషికొండ–భీమిలి దారిలో చేప తినబోతున్నారా? తూకం మీ కళ్ల ముందే వేయించండి

వీకెండ్‌కి విశాఖ వెళ్లి, బీచ్ రోడ్డులో ఎక్కడైనా కూర్చుని తీరిగ్గా చేప తినాలనుకునేవాళ్లు ఆర్డర్ ఇచ్చే ముందు ఇది చదవండి. హోటల్ పేరు రాయడం లేదు. వాళ్లు డబ్బు ఎలా గుంజుతారో తెలిస్తే మీరు ఏ హోటల్లోనైనా జాగ్రత్త పడొచ్చు.

మేము వెళ్లింది మే నెలలో. అమ్మ, మా ఆవిడ, పిల్లలు అందరం ఉన్నాం. రుషికొండ దాటాక, "ఇక్కడ రద్దీ ఉండదు సార్, సముద్రం చూస్తూ తినొచ్చు" అని కారు డ్రైవరే ఒక చోట ఆపాడు. చోటు బాగుంది, కాదనను. సరుగుడు చెట్ల నీడ, మంచి గాలి, పిల్లలు ఆడుకోవడానికి ఇసుక. మెనూలో బిర్యానీకి, కోడి వేపుడుకి, రొయ్యలకి ధరలున్నాయి. చేపల దగ్గర మాత్రం 'సైజును బట్టి' అని రాసి ఉంది.

"కోనాం ఉందండి, పొద్దున్నే బోటు దిగింది" అన్నాడు సర్వర్. మా అమ్మ పుట్టి పెరిగింది నరసాపురం దగ్గర. "ఇప్పుడు వేట బంద్ కదా బాబూ, ఏ బోటు దిగింది?" అని అడిగింది. అతను ఇంకేం మాట్లాడకుండా లోపలికెళ్లి పండుగొప్పల ట్రే పట్టుకొచ్చాడు.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఈ వేట నిషేధం సంగతి పెద్దగా తెలియదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు వేటకి వెళ్లకూడదు. సరిగ్గా మన పిల్లల వేసవి సెలవులప్పుడే. ఆ రోజుల్లో పెద్ద కోనాం, అంటే మనం వంజరం అనేది, మీ ముందుకొచ్చిందంటే అది చాలా రోజులు ఐసులో ఉన్నదో, వేరే తీరం నుంచి లారీలో వచ్చిందో అయ్యే అవకాశమే ఎక్కువ. పండుగొప్ప, రొయ్యలు చెరువుల్లో కూడా పెంచుతారు కాబట్టి అవి ఎప్పుడైనా తాజాగా దొరకొచ్చు.

ట్రేలో ఉన్న చేపని అమ్మ చేత్తో పట్టుకుని చూసింది. మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా ఉంది, కన్ను నిగనిగలాడుతోంది, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేచింది. బాగుందంది. వంద గ్రాములు నూట నలభై అని చెప్పాడు. "కేజీ ఉంటుందండి, అటూఇటుగా పద్నాలుగొందలు అవుద్ది" అని కూడా అతనే అన్నాడు. మా ముందు తూకం వేయమంటే, కాటా వంటింట్లో ఉందని, లోపల తూచి చీటీ తెస్తానని చేప తీసుకెళ్లాడు. చీటీ రాలేదు. ముప్పావు గంట తర్వాత నేరుగా ముక్కలు వచ్చాయి.

తల లేదు, తోక లేదు. అమ్మ అడిగితే "తల కస్టమర్లు తినరని తీసేశామండి" అన్నారు. తల కోసమే చేప తినే మనిషి ఆవిడ. ముక్కలు కూడా మెత్తగా విడిపోయి, మసాలా కిందే నీచు వాసన కొట్టాయి. మేము చూసిన చేప ఇది కాదని అమ్మ అక్కడే చెప్పేసింది. పిల్లల్ని ఒక్క ముక్క కూడా ముట్టుకోనివ్వలేదు.

ఇక బిల్లు. పండుగొప్ప ఒక కేజీ 850 గ్రాములు, 2,590 రూపాయలు. కింద 'కుకింగ్ చార్జి' 350. దాని కింద పది శాతం సర్వీస్ చార్జి. వీటన్నిటి మీద జీఎస్టీ. కుకింగ్ చార్జి మాట ఆర్డర్ తీసుకునేటప్పుడు ఒక్కరూ అనలేదు, మెనూలోనూ లేదు. తూకం చీటీ అడిగితే పారేశామన్నారు.

సర్వీస్ చార్జి మాత్రం తీయించగలిగాం. అడగకుండా దాన్ని బిల్లులో కలపకూడదని సీసీపీఏ, అంటే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, 2022 జులైలోనే మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇది చెప్పి, ఇక్కడి నుంచే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానంటే మేనేజర్ బిల్లు మార్చి ఇచ్చాడు. తూకం దగ్గర మాత్రం దిగలేదు. పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారు, అమ్మకి మందులు వేసుకునే టైమయింది. అలాంటప్పుడు ఎవరైనా డబ్బు కట్టి బయటపడతారు. వాళ్లకి కావలసింది కూడా అదే.

అందుకే చెప్తున్నాను, మీ ఎదుట కాటా పెట్టని చోట బరువు లెక్కన ఏదీ ఆర్డర్ చేయకండి. తూకం అంకె కనిపించేలా చేపని ఫొటో తీసుకోండి. ఆ బరువు శుభ్రం చేయకముందుదా, చేశాకదా అని అడగండి, ఎందుకంటే పొలుసు, పేగులు పోయాక చాలా తగ్గుతుంది. తల, తోకతో సహా వడ్డించమని ముందే చెప్పండి. వండినందుకు విడిగా ఏమైనా వేస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. ఒక్కదానికి నసిగినా లేచి వచ్చేయండి. మొహమాటం అస్సలు వద్దు.

నీళ్ల సీసా దగ్గర మాత్రం గొడవ పెట్టుకోకండి. కూర్చోబెట్టి వడ్డించే హోటల్ ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. రోడ్డు పక్క కొట్లో అలా తీసుకుంటే మాత్రం తప్పే.

మరి హాయిగా ఎక్కడ తినాలి? భోజనం చేస్తూ సముద్రం చూడాలన్న పట్టుదల వదిలేస్తే సగం టెన్షన్ పోతుంది. మర్నాడు భీమిలి ఊళ్లోకి వెళ్లి, బోర్డు మీద ప్లేటు ధర రాసిపెట్టిన చిన్న మెస్‌లో చేపల పులుసుతో భోజనం చేశాం. బల్లలు పాతవి, ఫ్యాను ఒకటే. కానీ పులుసులో చింతపండు, చేప సరిగ్గా కుదిరాయి. ఇంకాస్త పులుసు వెయ్యమ్మా అంటే వడ్డించేవిడ గిన్నె మా బల్ల మీదే పెట్టి వెళ్లింది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని గట్టు మీద కూర్చున్నాం. సముద్రం చూస్తూ తినాలన్న పిల్లల ముచ్చట అక్కడ తీరింది. వంటిల్లున్న బస దొరికి, వేట నిషేధం లేని రోజులైతే, పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చేప కొని తెచ్చి వండుకోవడం అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం.

డ్రైవర్లు చెప్పిన చోటికి వెళ్లేటప్పుడు కూడా ఒకసారి ఆలోచించండి. అందరూ అలా ఉంటారని అనను. మమ్మల్ని తీసుకెళ్లినతను మాత్రం మేము తింటున్నంతసేపూ లోపలే కూర్చుని భోంచేశాడు, అతని దగ్గర బిల్లు తీసుకోలేదు.

పాత బిల్లు, కొత్త బిల్లు రెండూ పెట్టి 1915లో ఫిర్యాదు చేశాను. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. తూకం సంగతి తూనికలు కొలతల శాఖకి విడిగా రాశాను. మీలో ఎవరికైనా ఆ దారిలో ఇలాగే జరిగి ఉంటే బిల్లు పారేయకండి, మీరూ ఫిర్యాదు పెట్టండి. ఒక్కరు చెప్తే పట్టించుకోకపోవచ్చు గానీ పదిమంది చెప్తే కదలక తప్పదు.